కాలు పట్టేసిందా? ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూనే మళ్ళీ పరుగులోకి రావడం ఎలా

తిరుపతిలో తెల్లవారుజామున యూనివర్సిటీ రోడ్లలోనో, తారకరామ స్టేడియంలోనో, అలిపిరి వైపో పరుగెత్తేవాళ్ళలో ఎక్కువమంది క్రీడాకారులు కారు. తొమ్మిదిన్నరకల్లా బ్యాంకు కౌంటర్లో ఉండాల్సినవాళ్ళు, పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించాల్సినవాళ్ళు, శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టు బస్సు అందుకోవాల్సినవాళ్ళు. ఇలాంటివాళ్ళకు కాలు నొప్పి వస్తే అందరూ చెప్పే సలహా "రెండు వారాలు రెస్ట్ తీసుకో" అని. రెస్ట్ ఎక్కడ దొరుకుతుంది? ఆగేది పరుగు ఒక్కటే. ఆఫీసు ఆగదు, ఇల్లు ఆగదు, పరుగు ఆగిన చిరాకంతా ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. అందుకే ఇందులో కాలి సంగతి సగం, క్యాలెండరు సంగతి సగం. నొప్పి మొదలైన రోజు నుంచి మళ్ళీ అరగంట ఆగకుండా పరుగెత్తే రోజు దాకా ఏ వరుసలో ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: డాక్టరుకు చూపించాలా, ఇంట్లో చూసుకోవచ్చా?

పరుగు వల్ల వచ్చే నొప్పుల్లో చాలావరకు ఓపికగా చూసుకుంటే ఇంటిపట్టునే తగ్గుతాయి. తగ్గనివి కొన్ని ఉంటాయి. వాటిని మొదటి రోజే విడదీయాలి.

చీలమండ మడతపడి వాచిందనుకోండి. దానికి అటూ ఇటూ పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచును కింది నుంచి నాలుగు వేళ్ళ మేర నొక్కి చూడండి. పాదం బయటి అంచు మధ్యలో ఒక బుడిపె తగులుతుంది. దాన్నీ, లోపలి వైపు వంపు మీద ఉండే ఎముకనూ నొక్కండి. నొప్పి ఎముక మీదే ఉన్నా, కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు తయారుచేసిన నియమాలివి, ఇప్పటికీ క్యాజువాలిటీల్లో వాడుతున్నారు. ఈ రెండూ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

మోకాలి కింద ముందెముక మీద రూపాయి బిళ్ళంత చోట నొక్కితేనే ఓర్చుకోలేని నొప్పి, ఆ కాలి మీద ఒక్క గెంతు కూడా వేయలేకపోవడం, రాత్రి పడుకున్నా సలపడం: ఇవి ఎముకలో సన్నని చీలికకు గుర్తులు కావచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే నార్మల్" అన్న కాగితం చూసుకుని మర్నాడే గ్రౌండుకు పోవద్దు. నొప్పి అదే చోట ఉంటే మళ్ళీ చూపించుకుని, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. ఆడవాళ్ళకు ఇలాంటి ఎముక నొప్పితో పాటు నెలసరి కూడా తప్పుతుంటే, పరుగుకు తగ్గ తిండి పడటం లేదని అనుమానించాలి. డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పండి.

ఇంకో రెండింటికి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మడమ పైన వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ళ మీద లేవలేకపోతే ఒకటి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే రెండోది. ముఖ్యంగా రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాక ఇలా అయితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని నూనె పెట్టి రుద్దించకూడదు.

చూపించుకోవడానికి మన ఊళ్ళో కొదవ లేదు. రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకైతే టీటీడీ వారి బర్డ్ ఉంది. అయినా ఇంట్లో మొదట వినపడేది "పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకో" అన్న మాటే. ఇటువైపు జనానికి పుత్తూరు కట్టు మీద ఉన్న నమ్మకం తరాల నాటిది, దాంతో నేను తగవు పెట్టుకోను. ఏ కట్టుకైనా ముందు ఎక్స్‌రే ఉండాలని మాత్రం అంటాను. కొత్తగా బెణికిన కాలును ఎవరు గుంజి సరిచేస్తామన్నా ఒప్పుకోకండి. పరుగు నొప్పుల్లో ఎక్కువ భాగానికి అసలు కట్టుతో పనే లేదు. వారాల తరబడి కదలకుండా కట్టేస్తే పిక్క చిక్కిపోతుంది, తిరిగి పరుగెత్తే రోజు ఇంకా వెనక్కి జరుగుతుంది.

ఐస్ పెట్టుకోవచ్చు, నొప్పి కాస్త మొద్దుబారుతుంది. అంతకు మించి ఆశించకండి. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కినే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత రాశాడు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రల విషయంలో ఇంకా జాగ్రత్త. పరుగుకు ముందు మాత్ర వేసుకుని దిగడం రెండు విధాలా నష్టం: ఆగమని చెప్పే నొప్పి తెలియదు, చెమటతో నీరు పోయిన ఒంట్లో కిడ్నీల మీద భారం పడుతుంది. బీపీ, గ్యాస్ట్రిక్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు.

నొప్పి ఉన్న చోటును బట్టి ఇంట్లో చేయాల్సినవి

మడమ కింద: పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టై, కాసేపు నడిచాక సర్దుకుంటే అది చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింద ఉండే పట్టీ లాంటి పొర నొప్పి. మన ఇళ్ళలో దీన్ని ముదరబెట్టేది గచ్చు. టైల్స్ మీద, గ్రానైట్ మీద రోజంతా ఒట్టి కాళ్ళతో తిరుగుతాం. వంటింట్లో రెండేసి గంటలు నిలబడేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో వేసుకోవడానికే మెత్తటి చెప్పుల జత ఒకటి కొనండి. పెద్దవాళ్ళు ఊరుకోరు. "ఇవి గడప దాటవమ్మా, బజారు మట్టి తగల్లేదు, పూజగది దగ్గర విడిచేస్తా" అని ముందే ఒప్పందం చేసుకోండి. అప్పటికీ కుదరకపోతే స్టవ్ ముందు యోగా మ్యాట్‌ను రెండు మడతలు వేసి పరచండి.

దీనికి మంచి వ్యాయామం ఒకటుంది. మేడ మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ళ కింద చుట్టిన టవల్ పెట్టి, మూడు సెకన్లలో మడమను పైకి లేపండి. రెండు సెకన్లు ఆగండి. మూడు సెకన్లలో కిందికి దించండి. 12 సార్లు ఒక విడత, అలాంటివి మూడు, రోజు విడిచి రోజు. తేలికైపోతే వీపుకు పిల్లల స్కూలు బ్యాగు తగిలించుకోండి, దాని బరువు మీకు తెలిసిందే. డెన్మార్క్ పరిశోధకులు ఇది సాగదీసే వ్యాయామాల కంటే మూడు నెలల నాటికి బాగా పనిచేసిందని చూపించారు. మూడు నెలలు అన్నది గుర్తుపెట్టుకోండి. మడమ నొప్పి వారంలో పోదు.

మడమ వెనక, పిక్క కిందికి దిగే చోట: ఇది అకిలిస్ టెండన్, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు లాంటిది. పొద్దున బిగుసుకుని ఉంటుంది, నొక్కితే లావుగా తగులుతుంది. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్సన్ అనే ఎముకల డాక్టరుకు ఇదే నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. తెగితేనన్నా ఆపరేషన్ చేస్తారు కదా అని మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించే వ్యాయామం కసిగా చేశాడట. తెగలేదు సరికదా, నొప్పి తగ్గింది. 1998లో దాన్ని పదిహేనుమంది రన్నర్ల మీద చేసి చూపించాడు. పద్ధతి ఇదీ: మంచి కాలి సాయంతో మునివేళ్ళ మీదికి లేవండి. నొప్పి ఉన్న ఒక్క కాలి మీద బరువంతా వేసి మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించండి. మోకాలు నిటారుగా పెట్టి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మరో మూడు. ఇలా రోజుకు రెండు పూటలు, 12 వారాలు. కాస్త నొప్పితోనే చేయాలి. నొప్పి సరిగ్గా మడమ ఎముకకు అతుక్కున్న చోటే ఉంటే మాత్రం మెట్టు కిందికి దించకుండా నేల మట్టానికే ఆపండి.

ఈ నొప్పి ఉన్నవాళ్ళు మందుల విషయంలో రెండు తెలుసుకోవాలి. జ్వరానికో, మూత్రంలో మంటకో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ రాస్తే, కాలి టెండన్ నొప్పి ఉందని డాక్టరుకు చెప్పండి. ఆ మందులు టెండన్‌ను బలహీనపరచగలవు. అలాగే టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే అది తెగే ప్రమాదం ఉంది.

ముందెముక పొడుగునా, లోపలి అంచు వెంబడి జానెడు మేర నొప్పి: కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకూ, దూరం ఒక్కసారిగా పెంచినవాళ్ళకూ వస్తుంది. పరుగు బాగా తగ్గించండి, సైకిల్ తొక్కండి, మడమలెత్తే వ్యాయామం చేయండి. నొప్పి జానెడు నుంచి కుంచించుకుని ఒకే చోటికి చేరుతుంటే పైన చెప్పిన ఎముక చీలికను గుర్తుతెచ్చుకోండి.

మోకాలిచిప్ప చుట్టూ: మెట్లు దిగేటప్పుడు, నేల మీద బాసింపట్టు వేసి లేచేటప్పుడు, చాలాసేపు కూర్చున్నాక పట్టేసే నొప్పి ఇది. తొడ ముందు కండరం, తుంటి పక్క కండరం బలపడితే తగ్గుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం, పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, ఈ రెండూ చాలు. మళ్ళీ పరుగెత్తేటప్పుడు అడుగు కాస్త పొట్టిగా వేసి, నిమిషానికి పడే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

మోకాలి బయటి పక్క నొప్పి రోడ్డు వల్ల కూడా పెరుగుతుంది. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. వాహనాలు లేని చోట వైపు మార్చండి, ట్రాక్ మీదైతే తిరిగే దిశ మార్చండి.

గత నాలుగు వారాలను కాగితం మీద పెట్టండి

వ్యాయామాలు ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం మీరే చేయాలి, చాలామంది చేయనిది కూడా ఇదే. ఒక కాగితం తీసుకుని గత నాలుగు వారాల పరుగులు రాయండి. పక్క గడిలో ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి. ఆ పక్క గడిలో ఇంట్లో, ఆఫీసులో ఏం జరిగిందో రాయండి: ఆడిట్, మార్చి ఆఖరు, పిల్లల పరీక్షలు, అమ్మకు కంటి ఆపరేషన్, చుట్టాలు.

చుట్టాల దగ్గర ఆగి చెప్పాలి. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకు శని, ఆదివారాలు సొంతం కావు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు దర్శనానికి వస్తారు. పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు అయితే ఇక సత్రమే. రాత్రి పదకొండుకు రేణిగుంట స్టేషన్‌కు పోయి తీసుకురావాలి, తెల్లవారుజామున అలిపిరిలో దించాలి, "నువ్వు రోజూ పరిగెత్తే మనిషివే కదా, మాకు తోడుగా కొండకు నడిచి రా" అంటే కాదనలేం. ఆ వారం మామూలు పరుగులు తప్పిపోతాయి. చుట్టాలు వెళ్ళిన ఆదివారం, తప్పిన కిలోమీటర్లన్నీ ఒకేసారి తీర్చేయాలని దిగుతాం. నిద్ర లేని వారం, పైన పొడవాటి పరుగు. కాలు పట్టేసేది ఇక్కడే.

దీనికి పరిశోధన బలం కూడా ఉంది. వారానికి పది శాతం కంటే దూరం పెంచకూడదన్న పాత లెక్క ఉంది చూశారా, నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద దాన్ని పరీక్షిస్తే గాయాల్లో తేడా ఏమీ కనపడలేదు. 2025లో అయిదు వేల మందికి పైగా రన్నర్ల వాచీల సమాచారం తీసి చూసినప్పుడు బయటపడింది వేరు. వారం మొత్తం మీద ఎంత పెంచారన్న దాని కంటే, గడిచిన 30 రోజుల్లోని అతి పొడవైన పరుగును ఏ ఒక్క పరుగులోనైనా పది శాతానికి మించి దాటినప్పుడే గాయాలు ఎక్కువయ్యాయి. కాబట్టి తప్పిన పరుగులు తప్పిపోయినట్టే, అవి బాకీ కాదు. వారం ఖాళీగా పోతే వచ్చే ఆదివారం దూరం పెంచకండి, కాస్త తగ్గించండి.

కొండ నడక గురించి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతాను. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2,400. మోకాలి నొప్పివాళ్ళకు ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. నొప్పి తగ్గుముఖంలో ఉండి తప్పనిసరిగా పోవాల్సి వస్తే శ్రీవారి మెట్టు మీదుగా నెమ్మదిగా ఎక్కి, దిగేటప్పుడు ఆర్టీసీ బస్సెక్కండి. మడమ నొప్పివాళ్ళు ఒట్టి కాళ్ళతో ఎక్కే మొక్కును కొన్నాళ్ళు వాయిదా వేసుకోండి, స్వామి ఎక్కడికీ పోడు. ఇక చీకట్లో ఒంటరిగా అలిపిరి మెట్ల మీద ప్రాక్టీసు వద్దు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడిలో ఒక పాప చనిపోయింది. ఆ దారిలో అమల్లో ఉండే ఆంక్షలు మనకూ వర్తిస్తాయి.

ఇంట్లో చెప్పండి, ఆ గంటను మాత్రం వదలకండి

చాలామంది నొప్పిని ఇంట్లో దాస్తారు. ఎందుకంటే చెబితే ఏమంటారో తెలుసు: "కాలు నొప్పి అంటానే మళ్ళా ఎక్కడికి రా పోతా ఉండావు?" దాచి కుంటుతూ తిరిగితే మూడో రోజుకు ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు పడేది రెండింతలు. మొదటి రోజే చెప్పండి. ఏం నొప్పి, ఎన్ని వారాలు పడుతుంది, ఏ పనులు చేయలేరు, ఏవి చేయగలరు అని విడమరిచి చెప్పండి. "బరువు సిలిండరు మోయలేను, బండి మీద పిల్లల్ని దించగలను" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఎడమ చీలమండ బెణికినవాళ్ళు గేర్ల బండి నడపలేరు, గేరు వేసేది ఆ పాదంతోనే. అలాంటప్పుడు స్కూటీ ఎవరు తీసుకుంటారో ముందే తేల్చుకోండి.

ఇక ఆ గంట. రోజూ అయిదింటికి లేచి పరుగుకు పోయే గంట మీకు ఊరికే రాలేదు. ఇంట్లో ఎవరో ఆ సమయంలో పాలు కాచారు, పిల్లవాడిని లేపారు, టిఫిన్ పెట్టారు. పరుగు ఆగగానే ఆ గంట నిద్రలోకో, ఫోన్లోకో, ఇంటి పనిలోకో కలిసిపోతుంది. రెండు నెలల తర్వాత కాలు మానుతుంది, గంట మాత్రం తిరిగి రాదు. అందుకని లేచే సమయం మార్చకండి. ఆ గంటను రెండుగా విడగొట్టండి. మొదటి సగం కాలికి: పైన చెప్పిన వ్యాయామాలు, తర్వాత సైకిలో, నొప్పి లేకపోతే నడకో. రెండో సగం ఇంటికి ఇచ్చేయండి. దోసెలు మీరు పోయండి, పిల్లల జడలు వేయండి, ఇన్నాళ్ళు ఆ పని చేసినవాళ్ళను అరగంట ఎక్కువ పడుకోనివ్వండి. మీరు మళ్ళీ బూట్లు కట్టుకున్న రోజు "అప్పుడే ఎందుకు" అనే గొంతు కొంత మెత్తబడుతుంది.

పరుగెత్తేది ఇల్లాలైతే లెక్క మారుతుంది. ఆమెకు ఆ గంట దొరకడమే నాలుగింటికి లేచి సాంబారు పెట్టి వస్తే దొరికింది. కాలు నొప్పి వస్తే "మానెయ్, ఎవరు పరిగెత్తమన్నారు" అనేస్తారు, వంటింట్లో నిలబడటం మాత్రం ఎవరూ మాన్పించరు. అక్కా, మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు, అడగాల్సిందే ఉంది. కూరగాయలు కూర్చుని తరగండి, ఒక పూట వంట వేరేవాళ్ళకు అప్పగించండి, ఎవరు ఏ పని చూసుకోవాలో పేరు పెట్టి చెప్పండి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటుతో ఎముకలు మానవు. గుడ్డు, పెరుగు, పప్పు, చెనిక్కాయలు, రాగి సంకటి మీ కంచంలోకి ముందే రావాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఆ రోజు గట్టి వ్యాయామం పెట్టుకోకండి.

ఆఫీసులో

గంటకొకసారి లేవండి. అంతకంటే పెద్ద చిట్కా లేదు. నీళ్ళ సీసా చిన్నది పెట్టుకుంటే నింపుకోవడానికైనా లేవాల్సి వస్తుంది. బల్ల కింద మోకాళ్ళు మడిచి ఉంచకుండా అప్పుడప్పుడు చాపుకోండి. మడమ నొప్పి ఉంటే పలచటి అడుగున్న లెదర్ బూట్లు, ఒట్టి చప్పటి చెప్పులు మాని కొన్నాళ్ళు మెత్తటి బూట్లు వేసుకోండి. పై అధికారి అడిగితే డాక్టరు చీటీ చూపించండి. షాపుల్లో, ఫ్యాక్టరీ లైన్లో నిలబడి పనిచేసేవాళ్ళు మడమలెత్తే వ్యాయామాన్ని డ్యూటీ తర్వాత చేయకండి, పొద్దునే ముగించుకోండి. నైట్ షిఫ్టు దిగి నేరుగా పరుగుకు పోవడం కాలు బాగున్నప్పుడే మంచిది కాదు, నొప్పి ఉన్నప్పుడు అసలే వద్దు. ముందు నిద్ర.

తిరిగి మొదలుపెట్టడం

మూడు పరీక్షలు పెట్టుకోండి. అరగంట చురుగ్గా నడిచినా ఆ రోజూ మర్నాడూ నొప్పి ఉండకూడదు. ఆ ఒక్క కాలి మీదే నిలబడి మడమను 20 సార్లు ఎత్తగలగాలి. అదే కాలి మీద పది చిన్న గెంతులు వేయగలగాలి. మూడూ అయితే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. రోజు విడిచి రోజు. బాగుంటే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. తర్వాత నాలుగు ఒకటి, ఆ తర్వాత తొమ్మిది ఒకటి, చివరికి ఏకబిగిన అరగంట. ప్రతి మెట్టు మీదా కనీసం రెండు మూడు సార్లు నిలబడండి.

నొప్పికి పదికి మార్కులు వేయండి. పరుగులో మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే ఒక మెట్టు వెనక్కి దిగండి, పూర్తిగా ఆపేయక్కర్లేదు. ఎముక చీలిక అయితే ఈ మూడు మార్కుల మినహాయింపు లేదు, నొప్పి సున్నా ఉండాలి, డాక్టరు ఒప్పుకున్నాకే పరుగు.

ముందు దూరం, తర్వాత ఎత్తు, ఆఖరున వేగం. మన ఊరు ఉత్తరాన కొండ వైపుకు ఎగువగా ఉంటుంది కాబట్టి మొదటి నెల అలిపిరి, కపిలతీర్థం వైపు వెళ్ళకండి. చదునైన చోట చుట్లు తిరగండి, విసుగైనా సరే. బెణికిన చీలమండ ఉన్నవాళ్ళు గతుకుల మట్టి నేల కంటే సాఫీ రోడ్డు ఎంచుకోండి, పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడి అలవాటు చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నర దాటితే ఎండ చురుక్కుమంటుంది, నవంబరు వానల్లో నీళ్ళ కింద గుంత కనపడదు. ఆ రోజుల్లో పరుగు మానేసి మెట్టు వ్యాయామంతో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

అన్నీ ఒకేసారి మీద పడే వారం ఒకటి తప్పకుండా వస్తుంది. ఆడిట్ వాళ్ళు దిగుతారు, పిల్లవాడికి జ్వరం, అత్తగారి వైపు చుట్టాలు రైలెక్కేశామని ఫోన్. ఆ వారానికి ముందే ఒక కనీస ప్రణాళిక రాసి పెట్టుకోండి: రెండు రోజులు మడమల వ్యాయామం, ఒక రోజు 20 నిమిషాల నడక, అంతే. దానికి మించి చేయాలనిపించినా చేయకండి.

చివరిగా రేసుల సంగతి. జనవరిలో చెన్నై మారథాన్‌కు డబ్బు కట్టేశాం కదా అని, ఇంకా నడక-పరుగు మెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా బయల్దేరుతుంటారు. ఆ డబ్బు మీరు పరుగెత్తినా వెనక్కి రాదు, పరుగెత్తకపోయినా రాదు. రేసుకు నెల ముందు మీరు ఏకబిగిన గంట పరుగెత్తలేకపోతుంటే, తక్కువ దూరానికి మార్చుకోవచ్చా అని నిర్వాహకులకు మెయిల్ పెట్టండి. కుదరదంటే రైలు టికెట్టు వెంటనే క్యాన్సిల్ చేసుకోండి. ఎంత ముందుగా చేస్తే అంత ఎక్కువ వెనక్కి వస్తుంది.